సొంత పుస్తకం లేని వీరులు

మా చిన్నమామ హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేసేవాడు. ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారన్న సంగతి మాకు ఆయన వల్లనే తెలిసింది. పండుగకు ఊరికి వచ్చినప్పుడల్లా ఆయన సంచిలో బిస్కెట్ల పొట్లంతోపాటు రెండు మూడు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు ఉండేవి. అట్టలు చిరిగినవి కొన్ని, అసలు అట్టలే లేనివి కొన్ని. వనపర్తికి కొద్ది మైళ్ల దూరంలో ఉన్న మా ఊరిలో 1980ల తొలినాళ్లలో అటువంటి పుస్తకాలు మరెవరి ఇంటా ఉండేవి కావు. వాటిని చదివేవాళ్లం మేమిద్దరమే. నేను, మా వెనుక వీధిలోని నా మిత్రుడు.

చదివేవాళ్లం అనడం కొంత అతిశయోక్తి. మా ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను మాటలను కూడబలుక్కుంటూ ఉండగానే వాడు బొమ్మలు చూసి కథ అల్లేవాడు. తరువాత నేను నిఘంటువు పట్టుకుని అసలు కథ తెలుసుకుంటే, వాడు అల్లిన కథే బాగుందనిపించేది.

అంతకుముందు మాకు తెలిసిన బొమ్మల కథలు చందమామలోనివి. అందులో విక్రమార్కుడు నెలనెలా చెట్టు దగ్గరకు వెళ్తాడు, శవాన్ని భుజాన వేసుకుంటాడు, మౌనం వీడతాడు, మళ్లీ మొదటికి వస్తాడు. ఏ నెల పుస్తకం చేతికి వచ్చినా ఆయన అదే మనిషి. నడుమ పది సంచికలు తప్పిపోయినా మనకు నష్టం లేదు. ఇంగ్లీషు పుస్తకాలతో అలా కాదు. 'అవెంజర్స్' అనే వీరుల బృందం కథలు మా దగ్గర నాలుగైదు ఉండేవి, కాని అవి వరుస సంచికలు కావు. ఒకదానిలో ఉరుముల దేవుడైన థోర్, ఇనుప కవచం తొడిగిన ఐరన్ మాన్ ఉన్నారు. మరొకదానిలో వారిద్దరూ లేరు. వారి స్థానంలో ఒక విలుకాడు, అన్నాచెల్లెళ్ల వలె కనిపించే మరో ఇద్దరు ఉన్నారు. పాతవారు చచ్చిపోయారా, తగవుపడి వెళ్లిపోయారా అన్నది తేల్చుకోవడానికి మాకు ఆధారం లేదు.

నేను ఎంత ఆలోచించినా తెగని ఈ చిక్కును నా మిత్రుడు ఒక్క మాటతో తేల్చివేశాడు.

"ఇంకేముంది రా, బొంబాయి పోయిండ్రు. ఆడ పని దొరికింటది."

మా ఊరిలో ఎవరైనా కనిపించకపోతే చెప్పుకునే కారణం అదే. పాలమూరు జిల్లాలో పుట్టినవారికి ఈ మాటను విడమరచి చెప్పనవసరం లేదు. వానలు మొహం చాటేసిన ఏడు గుంపు మేస్త్రీ ఊరికి వస్తాడు, ఇంటింటికీ అడ్వాన్సు ఇస్తాడు, లారీ ఎక్కించుకుని పోతాడు. వెళ్లినవారు దేశంలో ఏ మూలనో ఆనకట్ట కడతారు, కాలువ తవ్వుతారు, మళ్లీ పండుగకు వస్తారు. మా భాషలో అది 'గుంపు'. ఇంగ్లీషు పుస్తకంలోని 'టీమ్' అన్న మాటకు వాడు చేసిన అనువాదమూ అదే.

ఆటలో నేను ఎప్పుడూ థోర్‌ని. సుత్తి నాది. వాడు హాకై అనే ఆ విలుకాడిని కోరుకునేవాడు. ఆకాశంలో ఎగరలేనివాడు, కొండలు పిండి చేయలేనివాడు, ఒట్టి విల్లు తప్ప మరేమీ లేనివాడు వీనికి ఎందుకు నచ్చాడో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, "ఆయన నేర్చుకున్నడు రా. నీ థోర్‌కు పుట్టుకతోనే వచ్చింది" అనేవాడు.

మేము ఏడవ తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో వాని ఇంటికి మేస్త్రీ వచ్చాడు. అక్క పెళ్లికి చేసిన అప్పు ఉంది. తండ్రికి ఒంట్లో బాగుండక తిరిగి వచ్చేశాడు. ఆయన స్థానంలో కొడుకు వెళ్లాడు. వెళ్లేముందు రోజు సాయంత్రం హాకై బొమ్మ ఉన్న పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి, "నా దగ్గర ఉంటే తడుస్తది, నీ దగ్గర పెట్టు" అన్నాడు. ఆ పుస్తకం నాకు దక్కినందుకు లోలోపల సంతోషించాను. ఈ మాట ఇన్నేళ్లకు రాస్తున్నాను.

థోర్ ఎందుకు వెళ్లిపోయాడన్న ప్రశ్నకు అసలు జవాబు నాకు చాలా ఏళ్ల తరువాత, ఉపాధ్యాయ వృత్తిలో స్థిరపడి గద్వాలలో కాపురం పెట్టిన తరువాత దొరికింది. అది ఏ శత్రువు పన్నాగమూ కాదు, వ్యాపార సూత్రం. దాని మూలం అవెంజర్స్ కన్నా పాతది.

అమెరికాలో 1938లో సూపర్‌మాన్, 1939లో బ్యాట్‌మాన్ పుట్టారు. 1940 చలికాలంలో 'ఆల్ స్టార్ కామిక్స్' మూడవ సంచికలో మొట్టమొదటి వీరుల బృందం, 'జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా', ఒక బల్ల చుట్టూ కూర్చుంది. ఆ బృందానికి ప్రచురణకర్తలు పెట్టిన నియమం విచిత్రమైనది. ఏ వీరునికి సొంత పేరుతో ప్రత్యేక పత్రిక వస్తుందో అతడు బృందం నుండి తప్పుకోవాలి. అతనిని గౌరవ సభ్యునిగా ప్రకటించి సాగనంపుతారు. ఫ్లాష్ అట్లాగే వెళ్లాడు, అతని వెనుక గ్రీన్ లాంటర్న్ వెళ్లాడు. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ మొదటి నుండీ గౌరవ సభ్యులే. బల్ల చుట్టూ కూర్చున్నది సొంత పుస్తకం లేనివారు. పేరున్నవానికి బృందంతో పని లేదు, పేరు రావలసినవానికే బృందం కావాలి అన్నది వారి లెక్క. వినడానికి మొరటుగా ఉన్నా, మా మేస్త్రీ లెక్కకు ఇది మరీ దూరం కాదు.

అవెంజర్స్ 1963లో మొదలైంది. రచన స్టాన్ లీ, బొమ్మలు జాక్ కర్బీ. ఐరన్ మాన్, థోర్, యాంట్ మాన్, వాస్ప్, హల్క్ అందులో తొలి సభ్యులు. రెండవ సంచికకే హల్క్ అలిగి వెళ్లిపోయాడు. నాలుగవ సంచికలో, 1964లో, మంచులో గడ్డకట్టి ఉన్న కెప్టెన్ అమెరికా దొరికాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కాని థోర్‌కు, ఐరన్ మాన్‌కు వేరే పత్రికలలో సొంత కథలు నడుస్తున్నాయి. అక్కడ థోర్ ఒక నెల దేవలోకంలో బందీగా ఉంటే, అదే నెల ఇక్కడ న్యూయార్క్‌లో శత్రువుతో పోరాడడం ఎట్లా కుదురుతుంది? అక్కడ గాయపడితే ఇక్కడ కట్టు కట్టాలి. ఇక్కడ మనసు మారితే అక్కడా మారాలి. 1965లో పదహారవ సంచికలో ఆ చిక్కుముడిని ఒక్కసారిగా తెంచారు. పాతవారందరూ సెలవు పుచ్చుకున్నారు. కెప్టెన్ అమెరికా నాయకుడు. అతనికి తోడు హాకై, క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్. ఈ ముగ్గురూ అంతకుముందు సంవత్సరమే ఇతర పుస్తకాలలో ప్రతినాయకుల పక్షాన కనిపించినవారు. ఎవరికీ సొంత పత్రిక లేదు. కెప్టెన్‌కు మాత్రం వేరొక పత్రికలో సగం పేజీలు ఉన్నాయి. అయితే 1965లో అక్కడ కొంతకాలంపాటు రెండవ ప్రపంచ యుద్ధం నాటి కథలు నడిపించి ఇబ్బంది తప్పించారు.

మా దగ్గర ఉన్న పుస్తకాల నడుమ తప్పిపోయిన సంచిక అదే. మేము చూసిన రెండు గుంపుల మధ్య జరిగినది ఇది.

దీనివల్ల కలిగిన ఫలితాన్ని ఆనాడు ప్రచురణకర్తలు పూర్తిగా ఊహించి ఉండరని నేను అనుకుంటాను. సొంత పుస్తకం ఉన్న వీరుడు మారడానికి వీలులేదు. వచ్చే నెల పుస్తకం కొనే బాలునికి అతడు గత నెల ఉన్నట్లే ఉండాలి. బొమ్మలు అమ్మాలి, సినిమాలు తీయాలి. సొంత పుస్తకం లేనివానికి ఆ బరువు లేదు. అతడు తప్పు చేయవచ్చు, పశ్చాత్తాపపడవచ్చు, ప్రేమించవచ్చు, పెళ్లాడవచ్చు, ముసలివాడు కావచ్చు. స్కార్లెట్ విచ్, 1968లో బృందంలో చేరిన విజన్ అనే యంత్రమానవుడు 1975లో పెళ్లి చేసుకున్నారు. అంత పెద్ద మలుపు వారి జీవితాలలో రావడానికి కారణం వారు ఎవరి పుస్తకానికీ అధిపతులు కాకపోవడమే. బృందంలో కీర్తి ఒకరిది, ఎదుగుదల మరొకరిది.

బ్యాట్‌మాన్ వెంట ఉండే రాబిన్ సంగతి చూడండి. 1940లో పుట్టిన ఆ బాలుడు దశాబ్దాలపాటు గురువు పక్కన బాలునిగానే నిలిచాడు. అతడు పెద్దవాడైనది గురువు పుస్తకంలో కాదు, తన వయసు వారితో కలిసిన 'టీన్ టైటన్స్' బృందంలో. 1980లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ ఆ బృందాన్ని కొత్తగా తీర్చిదిద్దారు. 1984లో అతడు రాబిన్ అన్న పేరును వదలి నైట్‌వింగ్ అయ్యాడు. బ్యాట్‌మాన్ మాత్రం అట్లాగే ఉండాలి కనుక, ఆయన పక్కన మరొక బాలుడు నిలబడ్డాడు.

ఆ రెండవ రాబిన్ కథ తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. జేసన్ టాడ్ అనే ఆ పాత్ర పాఠకులకు అంతగా నచ్చలేదు. 1988లో ప్రచురణకర్తలు రెండు ఫోన్ నంబర్లు ఇచ్చి, వాడు బతకాలో చావాలో మీరే చెప్పండి అన్నారు. చావాలి అన్నవారు 5,343. బతకాలి అన్నవారు 5,271. డెబ్బై రెండు ఓట్ల తేడాతో ఒక బాలుడు చచ్చిపోయాడు. బొమ్మల్లోని బాలుడే, నిజమే. కానీ గుంపులో మనిషి విలువ కట్టే పద్ధతి ఎంత సులభంగా ఒప్పుకుంటామో చూస్తే భయం వేస్తుంది. 2005లో వానిని మళ్లీ బతికించి తెచ్చారు, అది వేరే సంగతి.

నా మిత్రుడు మూడేళ్ల తరువాత ఉగాదికి వచ్చాడు. నేను పదవ తరగతి. వాడు నాకన్నా జానెడు పొడవు పెరిగాడు. అరచేతులు కాయలు కాచాయి. మరాఠీ మాట్లాడుతున్నాడు, హిందీ మాట్లాడుతున్నాడు. వచ్చీ రావడంతోనే అడిగినది పుస్తకం గురించి కాదు.

"బ్రాసు అంటే వంద ఘనపుటడుగులని అంటున్నరు. అదెట్ల లెక్కేస్తరు?"

నేను పొడవు, వెడల్పు, లోతు గుణించడం చెప్పాను. రెండు నిమిషాల పని. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. వాడు నేల మీద పుల్లతో గీసి, గుంత వాలుగా ఉంటే ఎట్లా, అడుగున వెడల్పు తక్కువైతే ఎట్లా అని అడుగుతూ పోయాడు. వాలు గుంత లెక్క నాకు రాలేదు. మరునాడు మా లెక్కల మాస్టారు దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్లాము. ఆయన పంచాంగ శ్రవణం మానుకుని వానికి చెప్పారు.

ఆ లెక్క ఏమి చేసిందో మరుసటి ఏడు తెలిసింది. తవ్విన మట్టి ఇన్ని బ్రాసులని మేస్త్రీ టేపు పట్టి చెప్పినప్పుడు, నలుగురిలో నిలబడి వాడు మళ్లీ కొలిచాడట. కొలత తేడా వచ్చింది. మేస్త్రీ వానికి ఆ డబ్బు ఇచ్చాడు కాని, పని ముగియగానే గుంపు నుండి తీసివేశాడు. వాని వెనుక పన్నెండు మంది బయటకు నడిచారు. వారు అడ్వాన్సు తీసుకున్నవారు, తీర్చవలసిన బాకీ ఉన్నవారు. అయినా నడిచారు. అప్పటికి వాని వయసు పదిహేడు.

వాడు హాకై పుస్తకం అడిగినది ఆ ఏడే. నేను అప్పటికే ఇంటర్మీడియట్ చదువుకు వనపర్తిలో గది తీసుకున్నాను. ఊరు విడిచేటప్పుడు పాత పుస్తకాలన్నీ కాగితాల వానికి తూకానికి వేశాను. కిలోకు ఎంత ఇచ్చాడో కూడా గుర్తులేదు. "ఎక్కడో ఉంది, వెతకాలి" అన్నాను. వాడు నమ్మినట్లు తల ఊపాడు.

ఆ తరువాత మా దారులు వేరయ్యాయి. నేను ఎక్కడ పాఠం మొదలుపెట్టానో ముప్పై ఏళ్లకూ అక్కడే పాఠం చెబుతూ ఉన్నాను. వాడు మట్టి పని నుండి రాతి పనికి, రాతి పని నుండి కాంక్రీటుకు మారాడు. నాగర్‌కర్నూలు వైపు ఇల్లరికం వెళ్లాడు. పిల్లలను చదివించాడు. ఏటా ఒకసారి కలుస్తాము. కలిసినప్పుడల్లా నా కబుర్లు పాతవి, వానివి కొత్తవి.

2015 అక్టోబరులో 'రుద్రమదేవి' సినిమా విడుదలైంది. వనపర్తిలో ఇద్దరం కలిసి చూశాము. కథ రాణిది, పేరు రాణిది. కాని గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ తెర మీదికి రాగానే హాలంతా ఈలలతో దద్దరిల్లింది. బయటకు వచ్చాక నేను ఉపాధ్యాయ ధోరణిలో చెప్పడం మొదలుపెట్టాను. గోన వంశీయుల వర్ధమానపురం మరెక్కడో లేదు, నీ అత్తగారి ఊరికి దగ్గరలోని నందివడ్డెమానే అన్నాను. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి ఆ వంశంవాడే అన్నాను. 1940లలో అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' అన్న నవల రాశారని, అందులో బందిపోటుగా కనిపించే ఆ వీరుడు చివరకు రుద్రమదేవి పక్షాన నిలుస్తాడని వివరించాను. చరిత్ర పుస్తకంలో రాణి కొలువులోని సామంతుల వరుసలో ఒకడిగా ఉన్నవానికి బాపిరాజు సొంత పుస్తకం ఇచ్చారు. సినిమా వచ్చేసరికి అతడు మళ్లీ ఇంకొకరి పుస్తకంలోకి అతిథిగా వచ్చాడు. అమెరికా వాళ్లు పడిన పాట్లే ఇవీ అని నేను ముచ్చటపడుతున్నాను.

వాడు అంతా విని అడిగాడు. "మరి గన్నారెడ్డి గుంపుల ఎవరెవరుండిరి? వాళ్ల పేర్లేంది?"

నా దగ్గర జవాబు లేదు. కోట కట్టిన శాసనం ఒకటి రాయచూరులో ఉందని మాత్రం చదివాను.

మరుసటి నెల గద్వాల నుండి బస్సెక్కి రాయచూరు వెళ్లాము. అక్కడి కోట గోడలో నలభై అడుగులకు మించిన పొడవైన ఒకే రాతిపలక ఉంది. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆ కోట కట్టించినట్లు అది చెబుతుంది. నేను ఆ అక్షరాలను గుర్తుపట్టడానికి అవస్థపడుతున్నాను. వాడు అక్షరాలను విడిచి పక్కకు జరిగాడు. శాసనం దగ్గరే గోడ మీద సన్నని గీతలతో చెక్కిన ఒక బొమ్మ ఉంది. ఆ పెద్ద పలకను బండి మీద ఎక్కించి తెస్తున్న దృశ్యం అది. బండిని లాగుతున్న దున్నల బారు, వాటిని అదిలిస్తున్న మనుషులు, చక్రాల కింద మోకులవంటి కర్రలు పెట్టి ఎత్తుతున్న మనుషులు. ఏడు వందల ఏళ్ల కిందటి బొమ్మల కథ. ఎవరికీ పేరు లేదు.

వాడు చాలాసేపు చూశాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ చూశాడు. తరువాత చక్రం దగ్గర ఉన్న మనిషి మీద వేలు పెట్టి, "కర్ర పెట్టిన తావు సరిగున్నది రా. చెక్కినోడు ఈ పని చూసినోడే" అన్నాడు.

దున్నలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నడుమ రాయి అరిగిపోయిన చోట లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టాడు. ఈసారి నేను కూడా లెక్కపెట్టాను.